చేతి కొలత

చిత్తూరు రిజర్వు ఆఫీసులో
ఆయుధాల గది తలుపు తీస్తే ముందు నూనె వాసన,
తర్వాతే మొగిలప్ప.
"వీటిలో ఏది పెద్దది?" అన్నాను.
కొత్త స్టార్లు, కొత్త బెల్టు, కొత్త నోరు.

ఆయన గుడ్డ పరిచి గుళ్ళు నిలబెట్టాడు.
ముప్పై రెండు, చింతగింజంత.
ముప్పై ఎనిమిది, తాతలాగా నిదానం.
నైన్ ఎమ్మెమ్, ఇప్పుడు అందరి నడుముల్లో ఉండేది.
నలభై ఐదుకి ఏదో పాత కేసు చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"పెద్దదైతే మనిషి పడతాడనుకుంటారు మేడం.
పడేసేది సైజు కాదు, తగిలిన చోటు.
ఈ నైనుండాదే, ఆగదు. దూరి అవతలికి పోతాది.
అవతల ఎవురుండారో దానికేం తెలుసు?
మీకు డ్యూటీ తిరుపతి బస్టాండులో గదా."

గాజులమ్మే ఆయమ్మలాగా
నా చెయ్యి పట్టుకుని కణుపులు నొక్కి చూశాడు.
బొటనవేలి మొదట్నించి చూపుడువేలి కొసదాకా
దారం పెట్టి కొలిచాడు.
తుపాకుల్ని కొలవలేదు.

కళ్యాణి డ్యాం రేంజిలో
నలభై ఐదు నా మణికట్టుని విదిలించి కొట్టింది.
ఎక్కడో నెమలి అరిచింది. బోర్డుకి గీత కూడా పడలేదు.
ముప్పై ఎనిమిది ట్రిగ్గరు, ఎండాకాలం బోరింగు కొట్టినంత బరువు.
నైనుతో పదికి ఆరు.

"ఆరు సరే. ఆ నాలుగూ యాడికి పోయినాయి?"
వెనకున్న మట్టికట్ట చూపించాను.
"బస్టాండులో మట్టికట్ట లేదు మేడం."

ఇంకో నెల, రోజూ ఎండలో.
పదికి తొమ్మిదొచ్చిన రోజు
బీరువా అడుగునుంచి ఒక కవరు తీశాడు.
రుయా ఆస్పత్రి సీలు, చెదలు తిన్న దారం,
లోపల సీసం ముద్ద,
నమిలి ఉమ్మిన వక్కలాగా.
"ఇది ఎన్నో నంబరో చెప్పండి."
చెప్పలేకపోయాను.
"పొయ్యేటప్పుడే మేడం నంబర్లు."
ఎవరిలోంచి తీశారని నేనడగలేదు.
ఆయన కవరు మడత పెడుతూ చాలాసేపు ఉన్నాడు.

రిజిస్టరులో సంతకం. నైను ఒకటి, గుళ్ళు పది.

అర్ధరాత్రి, ప్లాట్‌ఫారం చివర,
తలనిండా గంధం పూసుకున్న పిల్లోడు
నా నడుంవైపు వేలు చూపించి
"అక్కా, దాంట్లో నిజం గుండే ఉందా?" అన్నాడు
తన గుండు తడుముకుంటూ.
ఉందన్నాను. చెయ్యి అడ్డం పెట్టాను.
అడ్డం పెట్టాక
వాడి వెనక ఏముందో చూశాను:
టీ బంకు, సంచిమీద నిద్రపోతున్న ముసలాయన,
బయల్దేరబోతున్న కుప్పం బస్సు,
ఒక్కో కిటికీలో ఒక్కో తల.