దడువాయి లెక్క

ఎనుమాముల యార్డుల
కంటినీళ్ళకు సాక్ష్యం చెల్లది.
తేజ మిర్చి బస్తా మూతి ఇప్పితే
తాసిల్దారైనా ఏడుస్తడు, కుక్కైనా తుమ్ముతది.
ఓదెలు గా సంగతి బాగ ఎరిగినోడు.

నేను దడువాయిని. ముప్పై ఒక్క ఏండ్ల సంది
కాంటా ముల్లు సూసుడే నా పని.
మనిషి మొఖం సూడ, ముల్లు మొఖం సూస్త.
అయినా చెప్తున్న:
ఓదెలు, మొగిలి ఒక్క బస్తాకు చెరో చెవు పట్టి
పరకాల లారీల కెళ్ళి దించుతుంటే
రెండు కొక్కేలూ ఒక్క మనిషివే అనుకునేటోణ్ణి.

ఒకనాడు పొద్దుగాల జెండా పాట నడుస్తుంటే
ఓదెలు బస్తా దించి నిలవడ్డడు.
ఖరీదుదారు వేలు లేపిండు.
నలభై ఊర్ల రైతుల ఊపిరి
గా వేలు కొసన ఆగింది.
ఓదెలు ఆ వేలును సూసిండు.
తన వేలును సూసుకున్నడు.
గంతే.
ఆనాటి సంది వానికి అన్నం సయించలే.

ముందుగాల ముఠా మేస్త్రి అయిండు.
ముసలి మేస్త్రి సంచిల దొంగ తూకపు రాయి దొరికింది గద,
అది ఎవలు పెట్టిండ్రో నాకెరుకే.
రాయి నాదే.
అటెన్క సంఘం కార్యదర్శి.
ఓట్ల ముందు రాత్రి శివనగర్ గల్లీలల్ల
కోడి ఈకలు రెండు దినాలు ఎగిరినయ్.

ఇగ మిగిలింది అధ్యక్షుని కుర్చీ.
నడుమ మొగిలి.
నిలవడతనని వాడు అననే లేదు.
మంది వాని పేరు అనుకున్నరు,
చాయ్ తాగుకుంట, ఉత్తగనే.
గదే వాని తప్పు.

ఏడో నంబరు షెడ్డు. పద్నాలుగు వరుసల లాటు.
కింది వరుసల నడిమి బస్తా ఒక్కటి గుంజితే
పైనున్నయి పైననే ఉంటయ్ కొంతసేపు,
దోస్తు మీది నమ్మకం లెక్క.
మొగిలి పగటీలి సద్దిగిన్నె ఇప్పుకొని
దాని నీడలనే కూసునేటోడు.

వాణ్ణి తవ్వి తీసినంక
ఓదెలు గుండెలు బాదుకొని ఏడ్సిండు.
అందరం ఏడ్సినం. పగిలిన బస్తాలు నలభై.
ఎవలి కన్నీళ్ళు దుఃఖానివో, ఎవలివి ఘాటువో
ఎవడు తూస్తడు?
మొగిలి పెండ్లాం కొంరవ్వ ఒక్కతే
కండ్లు పొడిగ నిలవడ్డది.
"గిదేంది, ఏడుస్తలేదు" అన్నరు.

రాత్రి లెక్కగట్టిన.
పొద్దుగాల ఆరు వందల పన్నెండు.
మాపటికి ఆరు వందల పదకొండు.
చిట్టీల పన్నెండని రాసి సంతకం పెట్టిన.
నా బిడ్డకు ఆఫీసుల కొలువు ఇప్పిస్తనన్నడు.
ఇప్పిచ్చిండు. మాటకు నిలవడేటోడే ఓదెలు.

మేడారం ఏడు వచ్చింది.
కుర్చీ ఎక్కినోడు మొక్కు తీర్చాలె గద,
నిలువెత్తు బంగారం.
పాత రెండు పళ్లేల కాంటా బయటికి తీయించి
నా చేతనే తూగుతనన్నడు.
మెడ నిండ బంతిపూలతోటి ఎక్కి కూసున్నడు,
పోరగాని లెక్క కాళ్ళూపుకుంట.
అటు పళ్లెంల బెల్లం ముద్దలు ఒక్కొక్కటి వేసిండ్రు.
ముల్లు ఊగి ఊగి నడిమికొచ్చి ఆగింది.
డప్పులు లేసినయ్.

"ఎంతొచ్చింది, దడువాయీ?"

ఎట్ల జారిందో నోట్లకెళ్ళి:
"ఒక బస్తా తక్కువున్నది."

డప్పుల మోతల ఎవలికీ వినవడలే.
వానికి వినవడ్డది.
కోపంగ సూడలే. బెదరలే.
జెండా పాట నాడు ఆ వేలును సూసినట్టే సూసిండు,
నా ధర ఎంతదాక పోతదో
మనసుల పాడుకుంట.
తర్వాత నవ్వి, తన పళ్లెంలకెళ్ళి దిగిండు.
బెల్లం పళ్లెం ధన్నుమని నేలను తాకింది.

తెల్లారి కాయితం వచ్చింది.
నా కాంటాను ఏడో నంబరు షెడ్డుకు మార్చిండ్రట.
అచ్చరాలు ముత్యాల లెక్క ఉన్నయ్, ఒక్క తప్పు లేదు.
టైపు కొట్టింది నా బిడ్డే.