దర్వాజల ముచ్చట

కొల్లాపూర్ లైబ్రరీల చెదలు తిన్న పుస్తకం:
స్కాట్లాండు కొండల్ల గొర్లను మేపనీకి
దొరలు మనుషులను ఎల్లగొట్టిన్రట.
చదివి వినిపిస్తే ఉసేనమ్మ నవ్వింది,
కురుమోళ్ల ముసల్ది, భుజాన గొంగడి.
"గొర్లకేం తెలుసు బిడ్డా,
వాటి పేరు జెప్పి ఎవడో తిన్నడు."

జరసేపాగి అడిగింది:
"ఇండ్లు కాలవెడ్తుంటే
దర్వాజలు పీక్కపోయిన్రా?"

పేజీలు తిప్పిన.
ఎకరాల లెక్కుంది, ఉన్ని ధరుంది.
దర్వాజల ముచ్చట లేదు.

"రాసినోడు మోసి ఉండడు."

డ్యాము నీళ్లు ఎక్కొచ్చిన నాడు
ఆమె నెత్తిన మోసిన యాప దర్వాజ
జానెడు ఎక్కువొచ్చి, షెడ్డు రేకు కోసిన్రు.
బండ గడప మాత్రం కృష్ణల్నే ఉంది.
ఎండకాలం బయటపడ్తది.
పోయి, దాని మీద
కాసేపు కూసోనొస్తది.