ఏనుగుకి ముక్కుపుడక

కెమెరా మారదు. బండరాయి.
పెళ్లి ఫొటోల కోసం కొన్నది, అప్పింకా తీరలేదు.
మార్చగలిగింది ముందున్న గొట్టాన్నే.

వాల్పరైసోలో మా గదికి నూట అరవై రెండు మెట్లు.
పెద్ద లెన్సుతో ఎక్కితే
మెడమీద ఎవరో సవారీ చేస్తున్నట్టుండేది.
ఎదురైనవాళ్లు జుట్టు సర్దుకుని
బిగుసుకుపోయేవాళ్లు.

ఎవెలియో పాత సామాన్ల కొట్లో దొరికింది ఇది:
అప్పచ్చంత. నలభై మిల్లీమీటర్లు.
జూమ్ లేదు, దగ్గరికెళ్లాలంటే కాళ్లే.
"ఏనుగుకి ముక్కుపుడకా?" అని నవ్వాడు,
చిల్లర తిరిగిస్తూ.

ఇవాళ పొగమంచులో రేవు.
చేపలు కోసే ఇస్మేనియా
కత్తి ఆపలేదు, నవ్వు తెచ్చిపెట్టుకోలేదు.
పొలుసొకటి ఎగిరొచ్చి అద్దానికి అంటుకుంది.

తుడవకుండానే నొక్కాను.

బరువు ఇంకా బరువే.
కానీ గుమ్మం దాటేటప్పుడు
చెయ్యి దానివైపే పోతోంది.