మూడో అంశం

మినిట్స్ రాసే పని నాది.
పగలంతా విడవలూరు సెంటర్లో జిరాక్స్ అంగడి,
రాత్రి ఎనిమిదికి సేవా సంఘం కార్యదర్శి.
వాన పట్టి నాలుగు రోజులు, రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు,
అందుకని మీటింగు ఫోన్లోకి మారింది.

పద్నాలుగు గళ్ళు.
ఒక గడిలో అధ్యక్షులు దశరథరామిరెడ్డిగారి నుదురు మాత్రం,
ఒకదాంట్లో తిరిగే ఫ్యాను,
జయప్రద టీచరు వెనక చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వాళ్ళత్త.
రొయ్యల గుంట గట్టు మీద నుంచి పెంచలయ్య.
కరెంటు పోతే గంటలో పంట పోతుంది,
ఆరేళ్ళుగా అతని నిద్ర ఆ గట్టు మీదే, ఒక కన్ను తెరిచి.
వెనక ఏరేటర్ల హోరు.
"మ్యూట్ చెయ్యి పెంచలయ్యా, మ్యూటు!"
అందరం ఒకేసారి అరిచాం.
చేశాడు.

ఒకటో అంశం కంటి శిబిరం లెక్క,
మూడొందల పది రూపాయలు తేలలేదు.
రెండోది నోటుపుస్తకాలు.
మూడోది:
నెలకు రెండు శనివారాలు నెల్లూరు నుంచి మనసు డాక్టరమ్మ వస్తుంది,
రైసుమిల్లు మేడ మీద గది ఇస్తారు,
బోర్డు మీద ఏం రాయాలి?

"మానసికం అనే మాటుంటే ఆ మెట్లెక్కేదెవరు?"
కంటి డాక్టరుకని చెప్పి నెల్లూరు బస్సెక్కి
నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చే వాళ్ళు
మనూళ్ళోనే ఉండారు గదా.
"బీపీ, షుగరు అని రాద్దాం."
"నిద్ర అని రాద్దాం."
"ఏమీ రాయొద్దు, తలుపు తెరిచి పెడితే చాలు."
ఎవరో నవ్వారు. ఎవరి గడి వెలిగిందో చూశాను,
పేరు రాయను.

అప్పుడు కనపడింది,
పెంచలయ్య పెదవులు కదులుతున్నాయి.
ఎంతసేపట్నుంచో.
చెయ్యి ఊపి, ఆపి, మళ్ళీ మొదట్నుంచి చెబుతున్నాడు,
తెల్లమచ్చ తగిలిన రొయ్య
గట్టువారకొచ్చి తచ్చాడినట్టు.

"అబ్బయ్యా, మ్యూట్ తియ్యి," అన్నా.
ముందు హోరొచ్చింది. దాని లోపల్నుంచి అతను:
"ఆ గది రాత్రిళ్ళు గూడా తెరిసుంటదా అక్కా?"

నెట్‌వర్క్ బాగానే ఉంది.
వినపడలేదని చెప్పే వీలు
ఎవరికీ లేకపోయింది.

టీ బంకు ఖాజావలి గడి నల్లబడింది.
పోయాడనుకున్నాం.
కాదు, ఫోను చొక్కా జేబులో పడింది.
బైకు కిక్కు మూడుసార్లు, నీళ్ళు చీలిన చప్పుడు,
ఒక కుక్క. ఆ తర్వాత
రెండు గళ్ళలో ఒకటే హోరు.
"అన్నా, టీ తెచ్చినా. చక్కెర తక్కువ."
"గట్టు జారతది. ఇట్టా కూర్చో."
అంతే. ఇంకేం మాట్లాడుకోలేదు.
మేము పన్నెండు మందిమి గమ్మునుండి
ఆ టీ తాగే చప్పుడు విన్నాం.
డబ్బు కట్టని మీటింగు, నలభై నిమిషాలకు
దానంతటదే తెగిపోయింది.

మర్నాడు అందరికీ ఫోన్లు చేసి, మినిట్స్‌లో ఇట్టా రాశా:
బోర్డు సంగతి తేలలేదు. మూడొందల పదీ తేలలేదు.
రాత్రి పది నుంచి తెల్లారేదాకా ఒక ఫోను ఉంటుంది,
రోజుకొకరు ఎత్తాలి.
డాక్టరమ్మ మాకు నేర్పింది రెండే రెండు:
సలహా ఇవ్వొద్దు. పెట్టెయ్యొద్దు.

నా వంతు మంగళవారం.
ఒంటిగంటన్నరకు మోగింది.
ఊపిరి. చాలాసేపు ఊపిరే.
"చెప్పమ్మా" అన్నాక, నా గొంతు గుర్తుపట్టినట్టుంది,
ఒక ఆడగొంతు తడబడి,
"జిరాక్సు... పేజీ ఎంతక్కా?"

"రెండ్రూపాయలు," అన్నా.
లైటు వెయ్యలేదు. మంచం మీద లేచి కూర్చున్నా.
"ఎన్ని పేజీలుండాయి?"