కానుక కవరు

దయ గురించి ఏం చదవమంటారు సార్ అంటే
జ్ఞానసుందరం సారు కానుక కవరు వెనక
ఆరు పుస్తకాల పేర్లు రాసిచ్చినాడు.
నాలుగోదాని కింద రెండు గీతలు.

ఆదోని పత్తి మార్కెట్టు రేకుల కింద
గోనెపట్ట దులుపుతున్న ముసలామె
ఆ కవరు చూసింది.
"ఏమి రాసిండారప్పా?
పండుకునేకి యాడన్నా తావుందంటనా?"

ముత్యాల్లాంటి రాత సారుది.
అటు తిప్పినా ఇటు తిప్పినా
తావు లేదు.
గంట కొట్టేవాణ్ని కదా,
చర్చి తాళంచెవి జేబులోంచి తొడకు గుచ్చుకుంటోంది.

తలుపు తీస్తే బెంచీల దాకా రాలేదామె.
చెప్పులు బయట విడిచి
గడప లోపలే ఒత్తిగిలింది.
దోమలకు విసురుకునేకి కవరు అడిగింది.

ఆదివారం సారు అడుగుతాడు, నాలుగోది చదివినావా అని.
దాని పేరేమో
ఆమె చేతిలో ఉండిపోయింది.