వెంట్రుకవాసి

ఫైఫ్ తీరాన, తెల్లారకముందే
కప్పు చోటు మార్చడానికి
ఇన్నెస్ గిల్‌క్రిస్ట్ మట్టిదిమ్మ పైకి లాగాడు.
ఇసుక, నల్ల పీచు, మళ్ళీ ఇసుక:
మడతకాజా విరిచినట్టు ఏళ్ళన్నీ.

"ఈ సన్నచార మా నాన్న చల్లింది.
ఈ మందపాటిది నాది. కుర్రతనం."

చారెడు చారెడు చల్లిందే
పచ్చిక జానెడు లేచింది.
అంచు గీరుకుపోతుందని
ప్రతి మలుపులో కోత యంత్రాన్ని
వెంట్రుకవాసి లోపలే తిప్పారు.
నలుచదరపు గ్రీన్
గుడ్డులా మిగిలింది.

పాత ఫోటో పట్టుకుని
పొడుగు గడ్డిలోకి నడిచాడు.
ఇరవై అడుగుల అవతల వంగి
అరచేత్తో తడిమాడు.
ఇక్కడింకా చదునుగానే ఉంది.

ఎవరూ తప్పు చెయ్యలేదు.

"రేపట్నుంచి వెంట్రుకవాసి బయటికి,"
అన్నాడు కుర్రాడితో.
"రేపు వాన," అన్నాడు వాడు.