నూట ఇరవై పాయింట్లు

యుద్ధం ముగిసింది.
రశీదు ఇంకా అందలేదు.

సొంత దేశంలో ఉన్న నెలకి రెండు,
సముద్రం దాటాక నెలకి మూడు,
పెళ్ళయినవాడికి పైన ఇంకొంచెం.
గుమాస్తా పెన్సిల్ మొన నాలుకకి తడిపి కూడితే
నేను నూట ఇరవై తేలాను.
ఓడ ఎక్కడానికి చాలవట.
కాలువ దాటుతూ మునిగిపోయిన గోర్డీకి
ఎన్నొచ్చేవో అడగబోయి ఊరుకున్నాను.
ఆ కాగితంలో అలాంటి గడి లేదు.

ఫ్రీస్‌లాండ్‌లో ఒక ఇటుకల ఇంట్లో నాకు బస.
ఇంటావిడ ఫ్రౌక్యె. నన్ను మెల్విన్ అనదు,
మెల్ఫిన్ అంటుంది.
మేడమీద గది, పొట్టి మంచం,
కాళ్ళు చాపితే పాదాలు చలిలోకి పోతాయి.
అది యెల్లె మంచం.
పదిహేడేళ్ళప్పుడు జర్మనీ ఫ్యాక్టరీకి పట్టుకుపోయారు.
భాష చాలక
ఆవిడ బల్ల మీద వేలితో రైలు నడిపి చూపించింది.
బల్ల అంచు దగ్గర వేలు ఆగింది.

పగలు మాకు పనేం లేదు.
అది మాకు తెలియకూడదని పనులు పెడతారు:
దుప్పట్లు లెక్కపెట్టు, ట్రక్కు కడుగు,
వాన వెలిశాక మళ్ళీ కడుగు.
రాత్రిపూట బడి. జమాఖర్చులు రాయడం నేర్పుతారు.
జమ వైపు రాశాను: సిగరెట్లు, రెండు వందలు.
రెండోవైపు చూస్తూ కూర్చున్నాను, గంట కొట్టేదాకా.

సస్కాచెవాన్‌లో గోధుమ కోతలు అయిపోయుంటాయి.
గుర్రాలను అమ్మేసి ట్రాక్టరు కొన్నామని
అన్న రాశాడు.
రెండిటినీనా? అని ఒక్క ముక్కే జవాబు రాశాను.

ఇంటి వెనక బంగాళదుంపలు తవ్విపెడుతున్నాను.
బంకమట్టి, బూటుని ఒక పట్టాన వదలదు.
పోయిన ఏప్రిల్లో ఇలాంటి నేలనే తవ్వాను,
తల దాచుకోవడానికి. పార కూడా ఇదే.
ఇప్పుడు కుదురుకి ఏడెనిమిది దుంపలు
పసుపుపచ్చగా, చిన్నగా, ఎవరినీ ఏమీ అడగకుండా.

పోస్టుమాన్ గంట కొడితే ఇద్దరం ఒకేసారి లేస్తాం.
ఒకరి కుర్చీ ఒకరికి తగులుతుంది.
"నాకు కాదు," అంటుంది ఆవిడ డచ్చిలో.
ఆ మాట నాకూ వచ్చేసింది.

అక్టోబరులో దారం పట్టుకుని
భుజం నుంచి మణికట్టుదాకా నన్ను కొలిచింది.
బూడిదరంగు ఉన్ని. విప్పిన పాత మేజోళ్ళది కాబోలు,
పోగు పోగునా ముడతలు.
రోజూ ఒక బెత్తెడు పెరిగేది.
నేను సిగ్గుపడ్డాను,
బదులుగా ఏమివ్వాలా అని కాఫీ పొడి దాచిపెట్టాను.

జాబితాలో నా పేరు పడింది, మంగళవారం.
ఎలా చెప్పాలా అనుకుంటూ లోపలికొస్తే
స్వెట్టరు నా ముందుకు చాపింది. తొడుక్కున్నాను.
చుట్టూ తిరిగి చూసింది, చంక దగ్గర లాగింది,
చేతులు పైకెత్తమంది.
"ఈపాటికి నీ అంత అయ్యుంటాడు,"
అని, నెమ్మదిగా నా తల మీంచి విప్పి,
మడిచి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

నా చేతుల పొడుగు అక్కడే ఉండిపోయింది.
కాఫీ పొడి పొయ్యి గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఓడలో పడక పొడుగ్గానే ఉంది.
అయినా మోకాళ్ళు ముడుచుకునే పడుకున్నాను.